కిసుములో వ్యాపార పాఠాలు: నన్ను పంపిన సంస్థపై ఒక సమీక్ష

ముప్ఫై ఏళ్లు తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు కామర్సు చెప్పి పదవీ విరమణ చేశాక, విదేశాల్లో చిన్న వ్యాపారులకు లెక్కలూ వ్యాపార మెలకువలూ నేర్పే స్వచ్ఛంద సేవకు ఒక సంస్థ ద్వారా వెళ్లాను. కెన్యాలోని కిసుము పట్టణంలో ఆరు వారాలు ఉన్నాను. విమాన టికెట్టు కాకుండా సంస్థకు కట్టిన రుసుము లక్షా ముప్ఫై వేల రూపాయలు. సేవ చేయడానికి చేతి డబ్బు పెట్టుకోవడం ఏమిటని బంధువులు నవ్వారు గానీ, బస, భోజనం, స్థానిక సమన్వయకర్త, దుబాసీ అన్నీ ఆ సొమ్ములోనే వస్తాయన్నారు కనుక ఒప్పుకున్నాను. బసకూ భోజనానికీ వంక పెట్టలేను. వెళ్లిన అసలు పని పాఠం చెప్పడం; దానికి మాత్రం సంస్థ చేసింది చాలా తక్కువ.

లోపాలు ప్రయాణానికి ముందే బయటపడ్డాయి. 2024 జనవరి నుంచి కెన్యాకు వీసా తీసేసి, ముందస్తు ఎలక్ట్రానిక్ అనుమతి పెట్టారు. అది ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. కానీ జీతం లేకపోయినా పని పనే కనుక, బోధించడానికి వేరే పాస్ కావాలి; నేను మూడుసార్లు అడిగితేగానీ సంస్థ ఆ పాస్ సంగతి చూడలేదు. ఎల్లో ఫీవర్ టీకా గురించి ప్రయాణం ఇంకా రెండు వారాలే ఉందనగా చెప్పారు. టీకా వేసుకున్న పది రోజుల తరువాతే ఆ ధ్రువపత్రం చెల్లుతుంది. అది లేకుండా కెన్యా నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి, ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. హడావుడిగా చెన్నై వెళ్లి, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకున్నాను.

బస ఒక ఉపాధ్యాయిని ఇంట్లో. శుభ్రమైన గది, దోమతెర, వేళకు భోజనం. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి, సుకుమా వికి అనే ఆకుకూర రోజూ పెట్టేవారు. రాగి సంగటి తిని పెరిగిన చిత్తూరు జిల్లా మనిషికి ఉగాలి కొత్తగా అనిపించదు, పక్కన చెనక్కాయల చట్నీ లేని లోటు తప్ప.

పాఠాల కోసం సంస్థ ఇచ్చిన పుస్తకంలో ఉన్నది ఒక వ్యాపారం మొత్తాన్ని ఒకే పేజీలో చూపే తొమ్మిది గడుల పటం బిజినెస్ మోడల్ కాన్వాస్, పెట్టుబడిదారుల ముందు మాట్లాడే విధానం. నా ముందు కూర్చున్నది కిబుయే సంతలో ఎండు చేపలు, కూరగాయలు, మితుంబా అనే పాత బట్టలు అమ్ముకునే ఇరవై మంది ఆడవాళ్లు. మొదటి రోజు తొమ్మిది గడులూ బోర్డు మీద గీశాను. అందరూ మర్యాదగా నోటు పుస్తకాల్లో దింపుకున్నారు. తరగతి అయ్యాక ఒమేనా అనే చిన్న ఎండు చేపలు అమ్మే ఒకావిడ దగ్గరికి వచ్చి అడిగింది: "మ్వాలిము, పొద్దంతా అమ్ముతాను, సాయంత్రానికి డబ్బు కనబడదు, ఎక్కడికి పోతోంది?" మ్వాలిము అంటే మన అయ్యవారే.

మరునాడు పుస్తకం పక్కన పెట్టి ఆమె అంగడి దగ్గర కూర్చున్నాను. గొరొగొరొ అనే రేకు డబ్బాతో కొలిచి, ప్రతిసారీ పైన ఒక పిడికెడు కొసరు వేస్తుంది. ఆ కొసరు గానీ, వానకు తడిసి పారబోసిన సరుకు గానీ, ఇంటికి తీసుకువెళ్లిన చేపలు గానీ ఆమె లెక్కలోకి రావు. మన గాంధీ రోడ్డులో మూర కొలిచి పూలమ్మే ఆడవాళ్లు కూడా వాడిపోయిన పూలను నష్టంగా లెక్క కట్టడం నేను చూడలేదు. కొసరు వేసినప్పుడల్లా ఒక గిన్నెలో గులకరాయి వేయమన్నాను. సాయంత్రానికి నలభై ఒక్క రాళ్లు తేలాయి. అన్ని పిడికెళ్లూ కొలిస్తే దాదాపు మూడు డబ్బాలు! కొసరు మానమని చెప్పలేదు, మానితే కొనేవాళ్లు పక్క అంగడికి పోతారు. దాన్ని ధరలోనే కలుపుకోమన్నాను. ఆరు వారాల్లో నేను చెప్పిన మంచి పాఠం ఇదొక్కటేనేమో.

నా పొరపాటు కూడా చెప్పాలి. ఫోన్‌లో డబ్బు పంపితే ఖర్చేమీ ఉండదన్న యూపీఐ అలవాటుతో లెక్కల నమూనా తయారుచేసుకుని వెళ్లాను. అక్కడ 2007 నుంచి నడుస్తున్న ఎం-పెసా అనే ఫోన్ చెల్లింపుల సేవలో చిన్న మొత్తాలు తప్పిస్తే డబ్బు పంపడానికీ, ఏజెంటు దగ్గర నగదు తీసుకోవడానికీ రుసుము ఉంటుంది. సరుకు కోసం రోజుకు నాలుగుసార్లు పంపే మనిషికి అదొక పద్దు. ఈ చిన్న సంగతి సంస్థ పుస్తకంలో ఎక్కడా లేదు. చామా అనే వాళ్ల పొదుపు బృందాల గురించీ లేదు. చామాలో వంతు ప్రకారం ఒక్కొక్కరికి మొత్తం ముడుతుంది. మన చీటీపాటలోలాగా అవసరమున్నవాళ్లు తగ్గించి పాడుకునే పద్ధతి వినగానే, అవసరంలో ఉన్న మనిషినే నష్టపెడతారా అని ఆ ఆడవాళ్లు నన్ను నిలదీశారు.

నాకు మింగుడుపడనిది సంస్థ జమాఖర్చులు. రుసుములో ఎక్కువ భాగం స్థానికులకే చేరుతుందని ప్రచారంలో రాసుకున్నారు. నాకు ఆతిథ్యమిచ్చిన మహిళా సంఘం కోశాధికారి తన పుస్తకం తీసి చూపిస్తే, నా రాక పేరిట జమ అయినది ఒకే పద్దు: తరగతి గది అద్దె, మన రూపాయల్లో మూడు వేలు దాటదు. బస, దుబాసీ ఖర్చులు పోయినా మిగతా సొమ్ము చిన్నదేమీ కాదు. లెక్క అడిగితే మూడు వారాలకు వచ్చిన జవాబు "పరిపాలనా ఖర్చులు" అన్న రెండే మాటలు. విద్యార్థి అలా రాసి ఉంటే సున్నా వేసేవాడిని.

ఈ రంగంలో అనుభవమున్నవాళ్లు ముందుగా 1970లో ఏర్పడిన ఐక్యరాజ్య సమితి వాలంటీర్ల కార్యక్రమాన్ని చూడడం మేలు; అక్కడ రుసుము లేదు సరికదా, జీవన భత్యం ఇస్తారు. అయితే ఎంపిక కఠినం, మనం కోరిన చోటూ కోరిన ఆరు వారాలూ దొరకవు. ఒంటరిగా మొదటిసారి వెళ్లేవాళ్లకు నన్ను పంపినటువంటి సంస్థ ఇచ్చే భద్రత అవసరమే కావచ్చు. వాళ్లు డబ్బు కట్టకముందే ఆతిథ్య సంఘానికి ఎంత చేరుతుందో రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఐదు నక్షత్రాలకు నేను రెండు ఇచ్చాను, ఆ రెండూ ఆ ఉపాధ్యాయిని ఇంటివే. వచ్చే ఏడాది మళ్లీ వెళ్లే ఆలోచనతో ఈసారి ఆ కోశాధికారికే నేరుగా రాశాను. తరగతి గది అద్దె నేనే కడతానంటే, గది అక్కర్లేదు, అంగళ్ల దగ్గరే కూర్చోవచ్చని జవాబు వచ్చింది.