అట్లాంటాలో సోల్ ఫుడ్: మేరీ మ్యాక్సా, పాస్కల్సా, బిజీ బీనా?

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయంటే చాలు, ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇదే అడుగుతారు. "అన్నా, అట్లాంటా వస్తున్నాం. అక్వేరియం, కోకా కోలా మ్యూజియం, మార్టిన్ లూథర్ కింగ్ సమాధి చూస్తాం. ఒక్క పూట సోల్ ఫుడ్ తినాలని ఉంది. ఎక్కడికి వెళ్లమంటావ్?" సోల్ ఫుడ్ అంటే అమెరికా దక్షిణాది నల్లవాళ్ల సంప్రదాయ వంట. పోయిన నెల డాలస్ నుంచి మా అక్కా బావా వచ్చినప్పుడు ఆ ప్రశ్న నాకే ఎదురైంది. వాళ్లతో పాటు అక్క వాళ్ల అత్తగారు కూడా ఉన్నారు. ఆవిడ శాకాహారి. దాంతో ఈసారి కాస్త గట్టిగానే ఆలోచించాల్సి వచ్చింది.

ఎంత వడపోసినా చివరికి మిగిలేవి మూడే. మేరీ మ్యాక్స్ టీ రూమ్, పాస్కల్స్, బిజీ బీ కెఫే. మొదటిది 1945లో, మిగతా రెండూ 1947లో మొదలయ్యాయి. మెనూలు పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా కనిపించదు: ఫ్రైడ్ చికెన్, కాలర్డ్ గ్రీన్స్, మ్యాక్ అండ్ చీజ్, చిలగడదుంప, మొక్కజొన్న రొట్టె, పీచ్ కాబ్లర్ (పీచ్ పళ్లతో చేసే తీపి వంటకం), స్వీట్ టీ. అందుకే అందరూ "చికెన్ ఎక్కడ బాగుంటుంది?" అనే అడుగుతారు.

చికెన్ మూడు చోట్లా బాగుంటుంది. దాన్ని బట్టి తేల్చుకోవాలనుకుంటే తేలదు. మన మెస్సుల్లో వేపుడు ఎవరైనా బాగానే చేస్తారు, ఆ మెస్ సంగతి తెలిసేది పప్పూ చారూ నోట్లో పెట్టుకున్నాకే కదా. సోల్ ఫుడ్‌లో నాకు ఆ పప్పూ చారూ లాంటివి కాలర్డ్ గ్రీన్స్. ఎక్కడికి వెళ్లినా నేను ముందు ఆ గిన్నె మూతే తీస్తాను.

కాలర్డ్ క్యాబేజీ కుటుంబంలోని ఆకు. మందంగా, కాస్త చేదుగా ఉంటుంది. తోటకూరలా పది నిమిషాల్లో మగ్గేది కాదు. పొగబెట్టిన పంది కాలి ముక్కో, టర్కీ మెడో, రెక్కో వేసి సన్న సెగ మీద గంటా గంటన్నర ఉడికిస్తే గానీ దారికి రాదు. తొందరపడి దించేస్తే తోలులా సాగుతుంది, మరిచిపోతే ముద్దయిపోతుంది. చేదు పోగొట్టాలని చక్కెర ఎక్కువ వేస్తే ఆకు రుచే పోతుంది. పైన కరకరలాడే పూత లేదు, చీజ్ లేదు, తప్పు జరిగితే దాచుకునే చోటే లేదు. పొయ్యి దగ్గర ఓపికున్న మనిషి ఉన్నారో లేదో గిన్నెడు గ్రీన్స్ చెప్పేస్తాయి.

ఆ గిన్నె అడుగున మిగిలే నీళ్ల పేరు పాట్ లికర్. బానిసత్వపు రోజుల్లో ఆకు యజమానుల బల్ల మీదకి వెళ్లేది, ఉడికిన నీళ్లు వండినవాళ్లకి మిగిలేవి. ఆకులోని సారం కొంత ఆ నీళ్లలోకే దిగుతుంది. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు ఉలవచారు గుర్తొచ్చింది. ఉడికిన ఉలవలు ఎడ్లకి పెట్టి, ఆ కట్టుతో ఇంట్లో చారు కాచుకునేవాళ్లు. ఇప్పుడు ఆ చారే పెళ్లి భోజనాల్లో మీగడ వేసి వడ్డించే స్థాయికి వచ్చింది. కానీ పోలికని అక్కడితో ఆపాలి. మన రైతు తన ఎడ్లకి తన ఇష్టంతో పెట్టుకున్నాడు. ఇక్కడ తమ చేత్తో వండిన కూర తమకే దక్కని మనుషులు ఆ నీళ్లలోంచి ఇంత రుచి తీశారు. అందుకే ఆ నీళ్లని ప్లేటులో వదిలేసి లేచిపోయేవాళ్లని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

1931లో లూయిజియానా గవర్నర్ హ్యూయీ లాంగ్‌కీ, అట్లాంటా కాన్‌స్టిట్యూషన్ పత్రిక సంపాదకుడు జూలియన్ హ్యారిస్‌కీ మధ్య దీని మీద పెద్ద వాదనే నడిచింది. మొక్కజొన్న రొట్టెని పాట్ లికర్‌లో ముంచుకుని తినాలని లాంగ్, నలిపి కలుపుకుని తినాలని హ్యారిస్. చారన్నం పిసికి తిని పెరిగినవాణ్ని, నేను హ్యారిస్ పక్షమే.

ఇక ఒక్కొక్కటి.

పాన్స్ డి లియాన్ అవెన్యూలో ఉన్న మేరీ మ్యాక్స్‌ని పెట్టింది మేరీ మెకెంజీ. ఆ రోజుల్లో ఆడవాళ్లు హోటల్ నడుపుతామంటే లోకం ఒప్పుకునేది కాదు, అందుకే 'టీ రూమ్' అన్న మర్యాదైన పేరు పెట్టుకునేవాళ్లు. అట్లాంటాలో అలాంటివి చాలానే ఉండేవట, నిలిచింది ఇదొక్కటే. 2011లో జార్జియా ప్రతినిధుల సభ దీన్ని 'అట్లాంటా భోజనాల గది' అంటూ తీర్మానమే చేసింది. ఏం కావాలో మనమే చీటీ మీద పెన్సిల్‌తో రాసివ్వడం ఇక్కడి పాత అలవాటు. మొదటిసారి వచ్చామని చెబితే చిన్న గిన్నెలో పాట్ లికర్, క్రాక్లిన్ కార్న్‌బ్రెడ్ (వేయించిన పంది చర్మం కలిపిన మొక్కజొన్న రొట్టె) ఉచితంగా తెచ్చిపెడతారు. ఈ ఒక్క మర్యాద కోసమే కొత్తవాళ్లని ఇక్కడికి పంపొచ్చు. సోల్ ఫుడ్ అనడం కంటే దీన్ని సదరన్ భోజనం అనడం సరైనది. తెల్లవాళ్ల ఇంటి వంట పద్ధతి, ఉప్పూ కారం నెమ్మదిగా ఉంటాయి. గదులు పెద్దవి, పదిమంది కలిసి వెళ్లినా కూర్చోవచ్చు.

పాస్కల్స్‌కి వెళ్లడమంటే చరిత్ర దగ్గరికి వెళ్లడం. జేమ్స్, రాబర్ట్ పాస్కల్ అన్నదమ్ములు హంటర్ స్ట్రీట్‌లో చిన్న కొట్టు పెట్టినప్పుడు అక్కడ వంటగదే లేదు. రాబర్ట్ ఇంటి దగ్గర వండితే, కారు కూడా లేని ఆ అన్నదమ్ములు వంటకాలని టాక్సీలో తెచ్చేవాళ్లు. చికెన్ సాండ్‌విచ్ 52 సెంట్లు. తర్వాత అది పెద్ద రెస్టారెంట్ అయింది, పక్కన జాజ్ క్లబ్బు, హోటల్ గదులు వచ్చాయి. మార్టిన్ లూథర్ కింగ్, ఆండ్రూ యంగ్, జాన్ లూయిస్ లాంటి నల్లవాళ్ల పౌరహక్కుల నాయకులు కూర్చుని ఉద్యమాల గురించి మాట్లాడుకున్నది అక్కడే. నిరసనల్లో అరెస్టయిన విద్యార్థులకి జామీను కట్టి, విడుదలై వచ్చాక డబ్బు తీసుకోకుండా అన్నం పెట్టారు ఆ అన్నదమ్ములు. ఇదే ఊళ్లో 1964లో లెస్టర్ మ్యాడాక్స్ తన పిక్‌రిక్ హోటల్‌కి వచ్చిన నల్లవాళ్లని తుపాకీ చూపించి, గొడ్డలి కామలతో బెదిరించి తరిమాడు. వాళ్లకి వడ్డించాల్సి వస్తుందని చివరికి హోటలే మూసేశాడు. తర్వాత రాష్ట్రానికి గవర్నర్ కూడా అయ్యాడు. అతను అమ్మిందీ ఫ్రైడ్ చికెనే. పాస్కల్స్ బల్ల ముందు కూర్చున్నప్పుడల్లా నాకు ఈ రెండూ కలిసే గుర్తొస్తాయి.

ఇప్పుడున్న పాస్కల్స్ ఆ పాత భవనం కాదు. 2002లో కాసిల్‌బెర్రీ హిల్ దగ్గర నార్త్‌సైడ్ డ్రైవ్‌లో కట్టిన కొత్తది. గోడల మీద ఉద్యమకాలపు ఫోటోలు ఉంటాయి. పిల్లలకి చూపించి చెప్పాలనుకునే తల్లిదండ్రులకి ఇంతకంటే మంచి చోటు లేదు. పీచ్ కాబ్లర్ మాత్రం వదలకండి. ఊళ్లోకి వచ్చే టైమ్ లేకపోతే విమానాశ్రయంలోనూ పాస్కల్స్ ఉంది.

బిజీ బీ కూడా ఆ హంటర్ స్ట్రీట్ మీదే పుట్టింది, ఇప్పటికీ అక్కడే ఉంది. వీధి పేరు మాత్రం మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ డ్రైవ్‌గా మారింది. లూసీ జాక్సన్ అనే ఆవిడ పెట్టింది, అందరూ మామా లూసీ అనేవాళ్లు. ఇప్పటి యజమాని ట్రేసీ గేట్స్. చికెన్‌ని పన్నెండు గంటలు ఉప్పునీళ్లలో నానబెట్టి, వేరుశనగ నూనెలో వేయిస్తారు (పల్లీ అలర్జీ ఉన్నవాళ్లు గమనించాలి). 2022లో, అమెరికా వంట లోకంలో పేరున్న జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వారి అమెరికాస్ క్లాసిక్స్ పురస్కారం వచ్చింది. మిషెలిన్ వాళ్లు 2023లో అట్లాంటాకి మొదటిసారి రెస్టారెంట్ల గైడ్ వేసినప్పుడు బిబ్ గూర్మాండ్ (అందుబాటు ధరలో మంచి భోజనం పెట్టే చోట్లకి ఇచ్చే గుర్తింపు) ఇచ్చారు.

నేను దీన్ని ముందు పెట్టడం పురస్కారాల వల్ల కాదు, గ్రీన్స్ వల్లే. ఇక్కడి ఆకు మెత్తగా ఉంటుంది కానీ ఆకుగానే ఉంటుంది, నమిలితే పంటికి తెలుస్తుంది. పాట్ లికర్ తాగాక పొగ రుచి గొంతులో కాసేపు నిలుస్తుంది, చేదు మాత్రం చివర్లో చిన్నగా పలకరించి వెళ్లిపోతుంది. మిరపకాయలు ఊరిన వెనిగర్ నాలుగు చుక్కలు వేసుకుంటే, గోంగూర తిని పెరిగిన నాలుకకి ఇంకేం కావాలి? చికెన్ కంటే ముందు ఈ గిన్నె ఖాళీ అవుతుంది నాకు. చోటు మాత్రం చిన్నది. పక్కనే మోర్‌హౌస్, స్పెల్మన్, క్లార్క్ అట్లాంటా కాలేజీలు ఉండటంతో రద్దీ ఎక్కువ. వెళ్లేముందు ఫోన్ చేసి, కూర్చుని తినే వీలుందా, పార్సెల్ తెచ్చుకోవాలా కనుక్కోండి. పార్సెల్ అయితే ఏం ఫరవాలేదు, గ్రీన్స్ చల్లారినా చెడవు.

శాకాహారుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనవాళ్లు చాలామంది తెలియక ఇబ్బంది పడతారు. ఈ వంటలో 'వెజిటబుల్స్' అంటే మాంసం లేనివని కాదు. గ్రీన్స్, బీన్స్, అలసందలు, క్యాబేజీ ఏదైనా పంది ముక్కతోనో టర్కీతోనో ఉడికి ఉండవచ్చు. రెండేళ్ల క్రితం ఒక చోట 'అన్నీ కూరగాయలే' అని చెబితే నమ్మి మా అమ్మకి బీన్స్ వడ్డించాను. సగం తిన్నాక అడుగున మాంసం ముక్క కనిపించింది. ఆ రోజు అమ్మ ముఖం నేను మరిచిపోలేదు. 'ఇందులో మాంసం వేశారా, మాంసం నీళ్లు పోశారా' అని రెండూ విడివిడిగా అడగండి. క్రాక్లిన్ కార్న్‌బ్రెడ్‌లో ఉండేది పంది చర్మం. గుడ్డు కూడా తినని పెద్దవాళ్లయితే మ్యాక్ అండ్ చీజ్ దగ్గర కూడా అడగాలి.

పూర్తిగా నిశ్చింతగా తినాలంటే వెస్ట్ ఎండ్‌లో సోల్ వెజిటేరియన్ ఉంది, అక్కడ మాంసం, పాలు, గుడ్డు ఏవీ వాడరు. 1927 నాటి కాలనేడ్ అనే రెస్టారెంట్ పాతకాలపు పద్ధతి ఇష్టపడే వాళ్లకి బాగుంటుంది. టక్కర్‌లోని మాథ్యూస్ కెఫెటీరియా ట్రే పట్టుకుని వరసలో వెళ్లే రకం, పిల్లలతో సులువు.

మేమేం చేశామంటే, మొదటి రోజు అత్తగారితో కలిసి మేరీ మ్యాక్స్‌కి వెళ్లాం. ప్రతి పదార్థం గురించి అడిగి అడిగి, ఆవిడకి పచ్చి టమాటా వేపుడు, బెండకాయ వేపుడు, చిలగడదుంప పెట్టించాం. వడ్డించిన అమ్మాయి విసుక్కోకుండా రెండుసార్లు వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చింది. అత్తగారు బెండకాయ మళ్లీ అడిగి వేయించుకున్నారు. బెండకాయ ఆఫ్రికా నుంచే ఈ దేశానికి వచ్చిందని చెబితే, "అయితే వండటం వాళ్లకి తెలియకుండా ఎలా ఉంటుంది!" అన్నారు.

మర్నాడు ఆవిడ ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకుంటుంటే, నేనూ బావా బిజీ బీకి వెళ్లి పార్సెల్ తెచ్చాం. చికెన్ దారిలోనే కారులో సగం అయిపోయింది. గ్రీన్స్ మాత్రం ఇంటిదాకా పట్టుకొచ్చాం, రెండు పెద్ద డబ్బాలు. రాత్రి అందరూ తిన్నాక డబ్బా అడుగున ఇంకా పాట్ లికర్ మిగిలింది. అక్క దాన్ని వేడి చేసి, అన్నంలో పోసుకుని, ఊరమిరపకాయ నంజుకుంటూ తినేసింది.