రన్‌వే చివర ఏది మేలు: ఖాళీ నేలా, నలిగే కాంక్రీటా, మళ్లీ పైకి లేవడమా?

2010 జనవరి 19న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, చార్ల్‌స్టన్ నగరం పక్క కొండ మీద ఉన్న యేగర్ విమానాశ్రయంలో ఒక చిన్న జెట్ టేకాఫ్‌కు పరుగు తీస్తోంది. రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలను, అంటే ఫ్లాప్స్‌ను, తప్పుగా పెట్టామని కెప్టెన్ సగం పరుగులో గమనించి, వాటిని మార్చబోయి, చివరికి టేకాఫ్ మానుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. రన్‌వే అయిపోయింది, అవతల లోయ ఉంది. అయినా లోపలున్న 34 మందీ క్షేమంగా దిగారు.

నాలుగు నెలల తర్వాత, మే 22న, దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. 8 మంది బతికారు.

రెండూ కొండ నెత్తిని చదును చేసి కట్టిన టేబుల్‌టాప్ రన్‌వేలే. యేగర్‌లో రన్‌వే చివర నలిగిపోయే కాంక్రీటు దిమ్మెల పరుపు ఉంది. విమానం అందులోకి సుమారు 40 మీటర్లు దిగబడి ఆగింది. మంగళూరులో ఉన్నది ఇసుక పరుపు. దాని దగ్గరే, విమానాలకు రన్‌వే దిశ చూపే రేడియో సంకేతాలు పంపే లోకలైజర్ యాంటెన్నాకు కట్టిన గట్టి కాంక్రీటు దిమ్మె ఉంది. విమానం రెక్క దానికి తగిలి విరిగింది. రెండు విమానాల బరువూ వేగమూ వేరు కాబట్టి ఈ ఒక్క తేడాయే అంతటికీ కారణమని నేను అనను. కానీ మన దేశంలో ఇలాంటి రన్‌వేలు ఇంకా ఉన్నాయి. మంగళూరు, కోళికోడ్, మిజోరంలో లెంగ్‌పుయి, సిక్కింలో పాక్యాంగ్, సిమ్లా. వాటి చివర ఏం చేస్తే ప్రాణాలు నిలుస్తాయన్నది లెక్క వేసి తేల్చుకోవాల్సిన విషయం.

మొదటి దారి ఖాళీ నేల. రన్‌వే దాటాక విమానం దొర్లుకుంటూ వెళ్లి ఆగడానికి వదిలే జాగాను రీసా అంటారు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఇది కనీసం 90 మీటర్లు ఉండాలి. పెద్ద రన్‌వేలకు 240 మీటర్లు ఉంటే మంచిదని సిఫారసు. మైదానంలో కట్టిన విమానాశ్రయానికి ఇదే సులువు. పాడయ్యేది, మార్చాల్సింది పెద్దగా ఉండదు. కొండ మీద మాత్రం ఆ నేల ఎక్కడి నుంచి వస్తుంది? రన్‌వేలోనే కొంత ముక్కను రీసాగా ప్రకటించాలి, లేదా లోయలో మట్టి నింపి నేల పెంచాలి.

రన్‌వే కుదించడం చౌక. కానీ దాని బరువు ఎవరి మీద పడుతుందో కోళికోడ్‌లో కనిపించింది. 2022లో 2860 మీటర్ల రన్‌వేను 2540కి తగ్గించి, రెండు వైపులా రీసా పెంచుదామన్న ప్రతిపాదన వచ్చింది. కేరళలో గట్టిగా వ్యతిరేకించారు. గల్ఫ్‌లో పనిచేసేవాళ్లకు, హజ్ యాత్రికులకు అది ప్రాణాధారమైన విమానాశ్రయం. రన్‌వే పొడవు తగ్గితే పెద్ద విమానాలు ఇక రావన్నది వాళ్ల భయం. అది అర్థం లేని భయం కాదు. ఆ ప్రతిపాదన ఆగిపోయింది. తర్వాత భూమి సేకరించి, మట్టి నింపి రీసా పొడిగించే పని చేపట్టారు.

మట్టి నింపడంలోనూ ప్రమాదం ఉంది. ఇందాక చెప్పిన యేగర్‌నే తీసుకోండి. అక్కడి కాంక్రీటు పరుపు కొండవాలు మీద నింపిన మట్టి కట్ట పైన ఉండేది. 2015 మార్చిలో ఆ కట్ట జారిపోయింది, పరుపూ దాంతోపాటే కిందికి పోయింది. 34 మందిని కాపాడిన ఏర్పాటు ఐదేళ్లకే కొండచరియగా మారింది. పశ్చిమ కనుమల వాన మనకు తెలిసిందే. అక్కడ లోయ పూడ్చి రీసా కడితే, విమానం ఆగుతుందా అన్న ప్రశ్న కంటే ముందు ఆ కట్ట నిలబడుతుందా అన్నది తేలాలి. నీటిపారుదల కట్టలు కట్టే ఇంజినీర్లంత శ్రద్ధగా దాన్ని ఏటా తనిఖీ చేసేవాళ్లు ఉండాలి.

రెండో దారి ఆ కాంక్రీటు పరుపు. దీన్ని ఈమాస్ అంటారు. నురగలాగా బుడగలు నింపి పోసిన తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు ఇవి. మనిషి నడిస్తే ఏమీ కాదు. టన్నుల బరువున్న విమానం చక్రం ఎక్కితే పిండి అయిపోతాయి. తడిసిన నల్లరేగడిలో ట్రాక్టర్ దిగబడినట్టు చక్రాలు కూరుకుపోయి విమానం నెమ్మదిస్తుంది. తడి రన్‌వే మీద టైరు జారవచ్చు, బ్రేకు పట్టకపోవచ్చు. ఇక్కడ పట్టు కోసం టైరు మీద ఆధారపడే పనే లేదు, అదే దీని గొప్పతనం. సాధారణంగా గంటకు 130 కిలోమీటర్ల వేగంతో రన్‌వే దాటిన విమానాన్ని ఆపేలా దీన్ని తయారు చేస్తారు. అలా ఆపగలిగితే, 305 మీటర్ల ఖాళీ నేలకు ఇది సమానమేనని అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ ఒప్పుకుంటుంది. జాగా లేని చోటికి ఇంతకంటే ఏం కావాలి?

ఫలితాలూ కళ్లముందే ఉన్నాయి. న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో 1999లో ఒక చిన్న విమానాన్ని, 2003లో ఎండీ-11 కార్గో విమానాన్ని, 2005లో ఏకంగా బోయింగ్ 747ను ఇలాంటి పరుపే ఆపింది. కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2000 మార్చిలో సౌత్‌వెస్ట్ విమాన సంస్థ బోయింగ్ 737 ఒకటి రన్‌వే దాటి, కంచె తెంచుకుని, రోడ్డు మీదికి వచ్చి పెట్రోలు బంకు దగ్గర ఆగింది. తర్వాత అక్కడ ఈమాస్ వేశారు. 2018 డిసెంబరులో అదే సంస్థ 737 మరొకటి అక్కడే రన్‌వే దాటింది. ఈసారి పరుపులోనే నిలిచిపోయింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

లోపాలు లేకపోలేదు. ఖరీదు ఎక్కువ. ఒకసారి విమానం దిగబడితే నలిగిన దిమ్మెలన్నీ మార్చాలి. వానలు ఎక్కువున్న చోట నీరు లోపలికి దిగకుండా చూసుకుంటూ ఉండాలి. విమానం పక్కకు మళ్లిపోతే ఇది ఏమీ చేయలేదు. అన్నిటికంటే పెద్ద పరిమితి ఆ 130 కిలోమీటర్ల వేగం.

ఈ పరిమితి ఏమిటో 2020 ఆగస్టు 7 రాత్రి కోళికోడ్‌లో జరిగినదాన్ని చూస్తే తెలుస్తుంది. దుబాయ్ నుంచి వచ్చిన 737లో 190 మంది ఉన్నారు. వాన పడుతోంది. మొదటి ప్రయత్నంలో కెప్టెన్ వైపు వైపర్ ఆగిపోయింది, దిగకుండా పైకి లేచారు. రెండోసారి ఎదురు దిక్కు నుంచి వచ్చారు, ఈసారి గాలి వెనక నుంచి నెడుతోంది. దిగడానికి 2700 మీటర్లు ఉంటే, చక్రాలు నేలను తాకేసరికే సగం దాటిపోయింది. రన్‌వే చివరి అంచును గంటకు 155 కిలోమీటర్లకు పైగా వేగంతో దాటింది. అక్కడ 240 మీటర్ల రీసా ఉంది. దాన్నీ దాటి వాలు దిగి, కింది రోడ్డును తాకేసరికి వేగం 75 చిల్లర. 21 మంది చనిపోయారు, ఇద్దరు పైలట్లూ వాళ్లలోనే ఉన్నారు.

ఈ అంకెలను కాస్త దగ్గరగా చూడండి. వేగం సగానికి తగ్గితే విమానంలో ఉన్న శక్తి పావు వంతుకు పడిపోతుంది. అంటే బ్రేకులూ, ఆ నేలా కలిసి ముప్పావు వంతు శక్తిని మింగేశాయి. మిగిలిన పావు వంతే విమానాన్ని కిందికి తీసుకుపోయింది. రీసా ఎందుకూ పనికిరాలేదని అనేవాళ్లు ఈ లెక్క చూడాలి. అది లేకపోతే మృతుల సంఖ్య 21 దగ్గర ఆగేదని నేను అనుకోను. అలాగని, అక్కడ ఈమాస్ ఉంటే అందరూ బతికేవాళ్లని చెప్పడమూ తొందరపాటే. 155 అంటే మామూలు ఈమాస్ హామీ ఇచ్చే వేగానికి మించినది. నేల మీద మనం ఏం పరిచినా దానికి ఒక హద్దు ఉంటుంది.

అందుకే మూడో దారి: దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం, గో-అరౌండ్. దీనికి భూమి సేకరించక్కర్లేదు, కాంక్రీటు పోయక్కర్లేదు. కోళికోడ్‌లో మొదటిసారి అదే చేశారు, అందరూ క్షేమంగానే ఉన్నారు. రెండోసారి కో-పైలట్ 'గో అరౌండ్' అన్నాడు, కెప్టెన్ వినలేదు. మంగళూరులోనూ విమానం రన్‌వే అంచును 50 అడుగుల ఎత్తులో దాటాల్సింది, సుమారు 200 అడుగుల మీద దాటింది. కో-పైలట్ మూడుసార్లు గో-అరౌండ్ చేద్దామన్నాడు. ఆ కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయాడని కాక్‌పిట్ రికార్డింగ్‌లోనే తెలిసింది. నేల తాకాక, ఇంజిన్ల బలాన్ని ముందుకు మళ్లించి వేగం తగ్గించే రివర్సర్లు తెరిచాక, అప్పుడు పైకి లేవబోయాడు. గట్టిగా బ్రేకు వేసి ఉంటే అప్పటికీ రన్‌వే మీదే ఆగేదని విచారణ తేల్చింది.

ఇది ఈ ఇద్దరి కథే కాదు. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనం ప్రకారం, ఎత్తూ వేగమూ కుదరకుండా రన్‌వేకు వచ్చే విమానాల్లో దాదాపు 97 శాతం గో-అరౌండ్ చేయకుండా అలాగే దిగిపోతున్నాయి. చాలాసార్లు ఏమీ కాదు. ఏమీ కానప్పుడల్లా 'ఇలా కూడా దిగొచ్చు' అన్న ధీమా పెరుగుతుంది. ఇదే నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ కలిగించే విషయం.

గో-అరౌండ్‌లోనూ ప్రమాదం ఉంది, దాచకూడదు. 2013లో రష్యాలోని కజాన్‌లో 50 మంది, 2016లో రోస్తోవ్‌లో 62 మంది చనిపోయింది గో-అరౌండ్ చేస్తుండగానే. ఒక్కసారిగా ఇంజిన్ల బలం పెరిగి ముక్కు పైకి లేస్తుంది. చీకట్లో, మబ్బులో ఎటు పోతున్నామో తెలియక పైలట్ తికమక పడతాడు. సాధన లేకపోతే ఇదీ చంపుతుంది. కాకపోతే ఆ సాధన సిమ్యులేటర్‌లో చేయించవచ్చు.

ఇక ఏది మేలు? ఒక్కటే ఎంచుకోమంటే నేను గో-అరౌండ్‌నే ఎంచుకుంటాను. మంగళూరు, కోళికోడ్ ప్రమాదాలు రెండూ దానితో అసలు మొదలయ్యేవే కావు. లోయ అంచున డబ్బు ఖర్చుపెట్టే విషయానికొస్తే ముందు ఈమాస్, తర్వాత మట్టి కట్ట. తక్కువ జాగాలో ఎక్కువ పని చేస్తుంది కాబట్టి, లోయలోకి కట్టను అంత దూరం పొడిగించే అవసరం రాదు. రన్‌వే కుదించడం ఆఖరి మాట. ఇవేవీ కాకముందే, రేపే చేయగలిగిన పని ఒకటుంది. రన్‌వే చివర విమానం దొర్లే దారిలో గట్టి దిమ్మెలేమీ లేకుండా చూడాలి, యాంటెన్నాలను తగిలితే విరిగిపోయే స్తంభాల మీద నిలపాలి. మంగళూరులో విరిగిన ఆ రెక్క తర్వాత కూడా దీనికి సాకులు చెప్పడం క్షమించరానిది.

గో-అరౌండ్ మేలు అని కాగితం మీద రాస్తే చాలదు. రెండుసార్లు చెప్పినా కెప్టెన్ వినకపోతే కో-పైలట్ కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకోవాలన్న నియమం చాలా సంస్థల్లో ఉంది. ఇరవై ఏళ్ల అనుభవమున్న కెప్టెన్ పక్కన కూర్చున్న పాతికేళ్ల కుర్రవాడు, రన్‌వే కళ్లముందు కరిగిపోతున్న ఆ కొన్ని సెకన్లలో, ఆ పని చేయగలడా? చేయగలడో లేదో ముందే తెలుసుకోవచ్చు. సిమ్యులేటర్ పరీక్షలో కెప్టెన్‌కు రహస్యంగా చెప్పి, మాట వినొద్దనాలి. కో-పైలట్ చేయి కంట్రోల్స్ మీదికి వెళ్తుందో లేదో చూడాలి. వెళ్లకపోతే, వెళ్లేదాకా మళ్లీ మళ్లీ అదే ల్యాండింగ్ చేయించాలి. అలా కంట్రోల్స్ తీసుకున్నవాడికి తర్వాతి ప్రమోషన్‌లో ఎలాంటి నష్టమూ రాదని సంస్థ రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.