"మంచు మంచే కదండీ" అనేవాళ్ళకి డబ్బు కట్టి శిఖరం ఎక్కబోయేవాళ్ళకి హెచ్చరిక

ఎవరి గురించో మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది, పేరు రాయను. అదేలెండి, శిఖరం ఎక్కించే ప్యాకేజీలు అమ్ముతూ, సీజన్ మొదలవగానే "దారి ఓపెన్, స్నో పర్ఫెక్ట్" అని రోజుకో పోస్టు పెట్టేవాళ్ళు. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు, కండిషన్ రిపోర్టు పంపారు, హై క్యాంప్ (శిఖరానికి ముందు ఆఖరి మజిలీ) దాకా తీసుకెళ్ళి అక్కణ్ణించి వెనక్కి దింపేశారు. వెనక్కి వచ్చినందుకు బాధ లేదు, శిఖరం అన్నాక వెనక్కి రావడమూ ఉంటుంది. మంట అంతా ఆ రిపోర్టు మీద, ఆ అద్దె సామాను సంచీ మీద, ఆ ఒక్క మాట మీద.

రిపోర్టు అంటే మూడు ముక్కలు. దారి క్లియర్, మంచు గట్టిగా ఉంది, మైక్రోస్పైక్స్ (బూటుకి తొడిగే చిన్న ముళ్ళ పట్టీలు) చాలు. ఏ రోజు చూశారో లేదు, ఎంత ఎత్తులో చూశారో లేదు, ఏ దిక్కు వాలో లేదు. తోడుగా "నిన్న తీసినది" అని ఒక ఫొటో. ఆ ఫొటోలో మంచు ఉపరితలం మీద గిన్నెలు బోర్లించి తీసినట్టు వరసగా గుంటలున్నాయి. సన్‌కప్స్ అంటారు వాటిని. రోజుల తరబడి ఎండ కాసి పాత మంచు కరుగుతూ పోతేనే అవి ఏర్పడతాయి. అసలు కొండ మీద మూడు రోజుల కిందటే తుపాను మంచు దంచి కొట్టింది. కొత్త మంచు కిందపడి ఆ గుంటలన్నీ పూడిపోయి ఉండాలి. అంటే ఫొటో నిన్నటిది కాదు, ఈ తుపానుకి ముందుది, బహుశా ఈ సీజన్‌దే కాదు. ఇంత చదివి, ఇన్ని చూసి, కళ్ళముందున్న గుంటల్ని చూడలేకపోయిన నా తెలివికి శాలువా కప్పాలి.

ఇక ఆ మాట. రాత్రి పన్నెండున్నర, హై క్యాంప్, హెడ్‌ల్యాంప్ వెలుగులో అద్దె సంచీ విప్పారు. మైక్రోస్పైక్స్ చాలన్నవాళ్ళే అప్పటికప్పుడు క్రాంపాన్లు (బూటు అడుగున బిగించే పెద్ద పళ్ళ లోహపు చట్రాలు) తీసి ఇస్తున్నారు, సరే, మంచిదే. కానీ అవి వెనక లీవర్ ఉన్న రకం. వాళ్ళే ఇచ్చిన అద్దె బూట్లకి మడమ దగ్గర ఆ లీవర్ పట్టే గాడి లేదు. లీవర్ పైకి లేపుతుంటే రబ్బరు మీద జారి కింద పడుతోంది. ఇది ఈ బూటుకి పట్టదు కదా అంటే, సామాను ఇస్తున్న ఆయన టీ కప్పు కింద పెట్టకుండానే అన్నది ఇది: "మంచు మంచే కదండీ. తాడేసి కట్టేద్దాం, పదండి."

తాడేసి. క్రాంపాన్‌ని. ఇంటి ముందు గేదెని కట్టేసినట్టు.

మన భాషలో పొగమంచూ మంచే, మంచుబిందువూ మంచే, మంచుగడ్డా మంచే. మాటల్లో అయితే చెల్లుతుంది, కాలి కింద చెల్లదు. శిఖరం అమ్ముకునేవాడికి ఆ తేడా తెలియకపోతే వాడు అమ్మేది శిఖరం కాదు. తేడా ఏమిటో ఇక్కడ రాస్తున్నా, ఇంకెవరైనా "మంచే కదండీ" అంటే మొహం మీద చదివి వినిపించండి.

తుపాను తర్వాత మంచు ఎంత పడింది అన్నది సగం ప్రశ్నే. గాలి ఎటు వీచింది అన్నది మిగతా సగం. గాలికి ఎదురున్న వాలు ఊడ్చినట్టు అయిపోతుంది, ఆ ఊడ్చిందంతా గట్టు దాటి అవతలి వాలు మీద పడుతుంది. ఇవతల చీలమండ లోతు ఉన్నప్పుడు అవతల నడుము లోతు ఉండొచ్చు. అక్కడ గాలి నొక్కి పెట్టిన మంచు పలకలా బిగుస్తుంది, దాని కింది పొరకి పట్టు ఉండదు. దాని మీద మనిషి బరువు పడితే పలక మొత్తం ఒక్కసారి విరిగి జారుతుంది. పలకలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. మనం ఎక్కడానికి "బాగుంది" అనుకునే వాలు కూడా సరిగ్గా అదే. తుపాను ఆగిన మొదటి ఒకటి రెండు రోజులు అన్నిటికన్నా చెడ్డవి. ఆకాశం నీలంగా మెరిసిపోతూ ఉంటుంది, ఫొటోలు అద్భుతంగా వస్తాయి, అందుకే అమ్మేవాళ్ళకి ఆ రోజులంటే మహా ఇష్టం.

వాలు కొలవడానికి ఫోన్‌లో క్లైనోమీటర్ ఉంటుంది. చలికి ఫోన్ చచ్చిపోతే రెండు సమాన పొడవు కర్రలు చాలు. ఒకటి నిలువుగా గుచ్చి, దాని కొస నుంచి రెండోదాన్ని అడ్డంగా వాలు వైపు పట్టండి. రెండో కర్ర చివర సరిగ్గా మంచుకి తగిలితే 45 డిగ్రీలు. నిలువు కర్ర సగానికి కాస్త పైనుంచి పట్టినప్పుడు తగిలితే 30. అడుగు వేయగానే కింద ఏదో కుంగినట్టు "వుఫ్" మని శబ్దం వచ్చినా, బూటు దగ్గర మొదలైన పగులు ముందుకు పాకినా, డప్పు మీద నడుస్తున్నట్టు బోలుగా మోగినా ఇక చర్చ లేదు. వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి, 30 లోపు వాలుకి. దాని పైన నిటారు వాలేదీ లేని చోటికి.

గట్టిగా ఉంది అన్న రెండో ముక్క సంగతి. గట్టి మంచు రెండు రకాలు. పగలు మెత్తబడి రాత్రి గడ్డకట్టిన పాత మంచు ఒకటి, క్రాంపాన్ పళ్ళు కరుచుకుని నిలబడతాయి, దానికి మించిన దారి లేదు. రెండోది ఐసు, నీలంగానో బూడిదరంగుగానో మెరుస్తుంది, గొడ్డలి కొడితే పెంకులు లేస్తాయి. అన్నిటికన్నా మోసం ఈ రెండూ కాదు, ఐసు మీద జానెడు కొత్త పొడిమంచు. చూడ్డానికి మెత్తగా, దయగా ఉంటుంది. తుపాను తర్వాత ఆ వాలు మీద సరిగ్గా అదే ఉంది, మైక్రోస్పైక్స్ చాలన్నది దాని కోసమే.

మైక్రోస్పైక్స్ పళ్ళు సుమారు ఒక సెంటీమీటరు. బూటు చుట్టూ రబ్బరు పట్టీ. చదును దారి మీద, తొక్కి తొక్కి నున్నబడిన మంచు మీద బాగా పనిచేస్తాయి. ఏటవాలుగా అడ్డంగా నడిచేటప్పుడు మాత్రం బరువంతా పక్కకి పడి రబ్బరు సాగుతుంది, స్పైక్స్ బూటు పక్కకి జారిపోతాయి. ముందు పళ్ళు ఉండవు కాబట్టి నిటారుగా తన్ని ఎక్కే వీలూ లేదు. అక్కడ కావలసింది పది పన్నెండు పళ్ళ స్టీలు క్రాంపాన్. అల్యూమినియంవి తేలికగా ఉంటాయి గానీ రాయి తగిలితే మొద్దుబారతాయి, గట్టి ఐసులో నమ్మకం లేదు.

బూటుకీ క్రాంపాన్‌కీ జాతకం కలవాలి, అది కుదరకపోతే ఏ తాడూ కుదర్చలేదు. ముందూ వెనకా పట్టీలే ఉండే రకం గట్టి అడుగు ఉన్న ఏ బూటుకైనా పడుతుంది. వెనక లీవర్ రకానికి మడమ గాడి తప్పనిసరి. ముందు తీగ, వెనక లీవర్ ఉన్నదానికి ముందూ వెనకా రెండు చోట్లా గాడి ఉండాలి, అడుగు అసలు వంగకూడదు. మెత్తటి అడుగున్న ట్రెక్కింగ్ బూటుకి వంగని క్రాంపాన్ కడితే, నడుస్తుంటే బూటు వంగుతుంది, క్రాంపాన్ వంగదు. ఫలితం రెండింటిలో ఒకటి, ఊడిపోవడం లేదా మధ్య పట్టీ విరగడం. పరీక్ష చాలా సులువు. క్రాంపాన్ పొడవు సరిచేసి బూటులో బిగించి, చీలమండ పట్టీ కట్టకుండా బూటు పైకెత్తి ఊపండి. ఊడిపడకూడదు. పడితే అది మీది కాదు. అడుగున ప్లాస్టిక్ పలకలున్నాయో లేదో కూడా చూడండి. అవి లేకపోతే ఎండెక్కాక తడి మంచు పళ్ళ మధ్య ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది, పన్నెండు పళ్ళూ మాయమై కాలి కింద గుండ్రటి మంచుముద్ద మిగులుతుంది. గొడ్డలి పిడితో తట్టి రాలుస్తూ నడవాలి.

ఐసు గొడ్డలి ఉంది కదా, జారితే ఆపుకుంటాం అని కూడా సర్దిచెప్పారు, పాపం. గట్టి పాత మంచులో, జారిన మొదటి క్షణంలోనే బోర్లా తిరిగి గొడ్డలి ముక్కు మంచులోకి దించితే ఆగొచ్చు. నున్నటి ఐసు మీద వేగం పుట్టాక ఆ గొడ్డలి చేతిలోంచి లాక్కుపోతుంది. పైగా కాళ్ళకి క్రాంపాన్లు ఉంటే మడమలు పైకెత్తి పెట్టుకోవాలి, పళ్ళు తగిలితే మనిషి ఎగిరి తలకిందులవుతాడు. ఇది చదివితే రాదు, కింద సురక్షితమైన చదును ఉన్న వాలు మీద పదిసార్లు జారి నేర్చుకోవాలి. ప్యాకేజీలో "స్నో ట్రైనింగ్" అని రాసి ఉంది. ట్రైనింగ్ అంటే గొడ్డలి పట్టుకుని ఫొటో దిగడం అన్నమాట.

అర్ధరాత్రి ఎందుకు బయలుదేరతారో చాలామంది అనుకునేది తప్పు. సూర్యోదయం చూడ్డానికి కాదు. రాత్రి ఆకాశం తేటగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేసి గడ్డకడుతుంది, గాలి సున్నాకి రెండు మూడు డిగ్రీలు పైన ఉన్నా సరే ఉపరితలం బిగుస్తుంది. మబ్బు పట్టిందా, అది దుప్పటి కప్పినట్టే, వేడి పోదు, మంచు బిగవదు. కాబట్టి తెల్లవారుజామున మూడింటికి బూటు చీలమండ దాటి దిగబడుతుంటే ఆ రాత్రి మంచు గడ్డకట్టలేదని అర్థం. మూడింటికే అలా ఉన్నది పదింటికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, పడమటి వాలు మధ్యాహ్నం. దిగి వచ్చే దారి ఏ వైపు ఉందో చూసుకుని తిరుగుముఖం పట్టే సమయం ముందే తేల్చుకోవాలి.

కింది ఊరి ఉష్ణోగ్రత చూపించి "పైన బాగా చలి, మంచు గట్టిగానే ఉంటుంది" అనేవాళ్ళూ ఉన్నారు. సగటున 1000 మీటర్లకి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. 3000 మీటర్ల దగ్గర 10 డిగ్రీలుంటే సున్నా గీత (ఉష్ణోగ్రత సున్నాకి చేరే ఎత్తు) దాదాపు 4500 దగ్గర. మీ హై క్యాంప్ 4200లో ఉంటే అక్కడ పగలు కరుగుతోందనే. అడగాల్సింది ఊరి ఉష్ణోగ్రత కాదు, సున్నా గీత ఎత్తు.

హిమానీనదం మీద ఇదంతా రెట్టింపు. సీజన్ మొదట్లో పగుళ్ళ మీద మంచు వంతెనలు మందంగా ఉంటాయి. చివరికొచ్చేసరికి పలచబడి, మధ్యలో కాస్త కుంగి, గీతలా నీడ కనిపిస్తుంది. పొద్దున మోసిన వంతెన మధ్యాహ్నం మోయకపోవచ్చు. ముగ్గురు ఒక తాడు మీదుంటే మధ్య దూరం పది పన్నెండు మీటర్లు, తాడు మంచు మీద కాస్త తాకుతూ ఉండాలి తప్ప చేతిలో చుట్టలు పట్టుకుని నడవకూడదు. చుట్టలు పట్టుకుంటే ఒకడు పడినప్పుడు ఆ చుట్టలన్నీ విడిపోయేదాకా పడుతూనే ఉంటాడు, అప్పుడొచ్చే కుదుపుకి రెండోవాడూ వెళ్తాడు. ఆ రాత్రి మా ముందు వెళ్ళిన జట్టు ఎలా నడిచిందో ఊహించుకోండి.

పరిస్థితి మారితే నిజమైన గైడ్లు ఏం చేస్తారో చెప్తా. 2022 వేసవిలో ఎండలకి ఆల్ప్స్‌లోని మోంబ్లాం (మౌంట్ బ్లాంక్) మామూలు దారిలో గూతే కులువార్ అనే నిటారు కొండచీలిక దగ్గర రాళ్ళు ఆగకుండా రాలుతుంటే గైడ్ కంపెనీలే ఆ ఎక్కుడు ఆపేశాయి. ఐసు జిగురులా పట్టి ఉంచిన రాళ్ళు, జిగురు కరిగితే రాలక ఏం చేస్తాయి. అదే ఏడాది జూలై 3న ఇటలీలో మార్మొలాడా పర్వతం మీద హిమానీనదం ముక్క విరిగిపడి 11 మంది పోయారు, అదీ రోజూ జనం ఎక్కే మామూలు దారి వైపే. పేరున్న దారి, తొక్కిన దారి, నిన్న ఎవరో ఎక్కిన దారి, ఇవేవీ ఇవాళ్టి మంచుకి హామీ కాదు.

మన మహానుభావులు మాత్రం డబ్బు అడిగితే "ప్రకృతి మా చేతుల్లో లేదు కదండీ, షరతుల్లో రాశాం" అన్నారు. ప్రకృతి మీ చేతుల్లో లేదు, ఒప్పుకున్నాం. ఫొటో తేదీ ఎవరి చేతుల్లో ఉంది? బూటు మడమకి గాడి ఉందో లేదో చూడ్డం కూడా ప్రకృతి పనేనా? షరతుల కాగితం చదవకుండా సంతకం పెట్టింది మాత్రం నా చేయే, దానికి ఎవర్నీ అనను.

సలహా అంటే పెద్దగా ఏం లేదు. డబ్బు కట్టేముందు నాలుగే అడగండి: చివరిసారి ఏ తేదీన, ఎంత ఎత్తు దాకా, ఏ దిక్కు వాలు మీద మనిషి వెళ్ళాడు, అప్పటి నుంచి మంచు పడిందా. నాలుగింటికీ జవాబు లేకపోతే అది రిపోర్టు కాదు, ప్రకటన. వాతావరణం వల్ల ఆగితే ఎంత వెనక్కిస్తారో, సామాను సరిపోక ఆగితే ఎంత ఇస్తారో రెండూ విడివిడిగా రాయించుకోండి, ఒకే వాక్యంలో కలిపేస్తే మొదటిదాని కింద రెండోదాన్ని పూడ్చేస్తారు. అద్దె క్రాంపాన్లు కింది ఊళ్ళోనే, పగటి వెలుగులో, అద్దె బూట్లకి బిగించి ఊపి చూడండి. చలువ కళ్ళద్దాలు వాళ్ళు ఇస్తామన్నా సొంతవి తీసుకెళ్ళండి, నాలుగో కేటగిరీవి (వెలుగుని అన్నిటికన్నా ఎక్కువ ఆపేవి), పక్కల మూసి ఉన్నవి. నాకు ఇచ్చినదాని పక్క తొడుగు విరిగి ఉంది, దాన్నీ తాడుతోనే కట్టారు.