మాంట్‌గొమరీలో రెండు రోజులు: పేర్లు చదువుతూ చేసిన యాత్ర

అట్లాంటాలో ఉంటున్న మాకు అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గొమరీ సుమారు 160 మైళ్ళ దూరం. అక్కడి గడియారం మనకంటే ఒక గంట వెనక ఉంటుంది కాబట్టి ఉదయం ఏడింటికి బయలుదేరితే అక్కడి ఎనిమిదిన్నరకు ఊళ్ళో ఉండవచ్చు. నల్లజాతి వారి చరిత్రను ఒక నగరం తన నడివీధిలో ఎలా నిలుపుకుందో తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి చూపించాలని ఈ ప్రయాణం పెట్టుకున్నాము.

లెగసీ మ్యూజియం, శాంతి న్యాయ జాతీయ స్మారకం, ఫ్రీడమ్ మాన్యుమెంట్ శిల్పవనం మూడింటికీ కలిపి మనిషికి 5 డాలర్ల టికెట్టు సరిపోతుంది. ఒకచోటి నుండి మరోచోటికి ఉచిత బస్సు ఉంది. సదుపాయాల విషయంలో ఇంతకంటే కోరవలసింది లేదు. మేము దిగిన హోటలు మాత్రం నిరాశపరిచింది. గది సాయంత్రం ఐదుకు గాని ఇవ్వలేదు, కారు నిలిపినందుకు వేరే రుసుము ఉంటుందని ముందుగా చెప్పనూ లేదు. ఊరి నడిబొడ్డున ఉండటం వల్ల నడిచి తిరగగలిగాము, అదొక్కటే దాని మేలు. శాకాహారులు మరొకటి గమనించాలి: ఇక్కడి భోజనశాలల్లో ఆకుకూరను తరచుగా పంది మాంసం వేసి ఉడికిస్తారు, అడగకుండా వడ్డించుకోకూడదు.

ఒకప్పుడు బానిసల చేత పని చేయించిన పత్తి గిడ్డంగి ఉన్న చోటనే లెగసీ మ్యూజియం నిలిచింది. లోపల ఫోటోలు తీయనివ్వరు, అది మంచి నియమమే. అక్కడ నన్ను కదలనివ్వనిది మట్టి నింపిన సీసాల గోడ. మూకహత్యలు జరిగిన చోట్ల నుండి తవ్వి తెచ్చిన మట్టి అది. ఒక సీసాలో ఎర్రమన్ను, పక్క సీసాలో నల్లమన్ను, ఇంకొకదానిలో ఇసుక పాలు ఎక్కువ. ప్రతి సీసా మీద చనిపోయిన మనిషి పేరు, ఊరు, తేదీ ఉన్నాయి. పేరు తెలియని చోట తెలియదనే రాశారు.

2018లో తెరిచిన స్మారకం ఆరెకరాల గుట్ట మీద ఉంది. 1877 నుండి 1950 వరకు మూకల చేతిలో చనిపోయిన 4,400 మందికి పైగా నల్లజాతి వారిని అక్కడ స్మరించారు. కౌంటీకి (మన జిల్లా వంటిది) ఒకటి చొప్పున 800కు పైగా ఉక్కు స్తంభాలు ఉన్నాయి. మొదట అవి మన ఎత్తులో నిలబడి ఉంటాయి, పేర్లు చదువుకుంటూ నడుస్తాము; నడిచేకొద్దీ నేల పల్లమవుతుంది, స్తంభాలు మాత్రం పైకప్పుకు వేలాడుతూ తలకు మించిన ఎత్తుకు పోతాయి, చివరికి మెడ ఎత్తి చూడవలసి వస్తుంది. అక్కడి గోడ మీద చిన్న చిన్న వాక్యాలలో కారణాలు రాశారు. 1940లో అలబామాలోని లువర్న్‌లో జెస్సీ థార్న్‌టన్ అనే వ్యక్తిని చంపింది, ఒక తెల్ల పోలీసును 'మిస్టర్' అనకుండా పిలిచినందుకు. "అంటే గారు అనలేదనా అమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. అవునన్నాను. మాకు ఆ గోడ దగ్గరే చాలాసేపు పట్టింది.

2024లో తెరిచిన శిల్పవనానికి అలబామా నది మీద పడవలో తీసుకువెళ్తారు. బానిసలను ఈ ఊరికి చేర్చిన దారులలో ఈ నది ఒకటి. చివరన 43 అడుగుల ఎత్తున, తెరిచి నిలబెట్టిన పుస్తకంలా ఒక గోడ ఉంది. బానిసత్వం నుండి బయటపడిన కుటుంబాలు 1870 జనాభా లెక్కల్లో నమోదు చేయించుకున్న 1,22,000 ఇంటిపేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి. అంతకుముందు లెక్కల్లో బానిసలకు పేరుండేది కాదు, వయసు, ఆడా మగా, రంగు వంటివే రాసేవారు. ఇంటిపేరుతోనే మనిషి ఆనవాలు చెప్పుకునే మనకు ఆ గోడ ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. మా పక్కన ఒక పెద్దావిడ తన ఇంటిపేరు వెతికి పట్టుకుని, అందనంత ఎత్తులో ఉన్నా చెయ్యి అటువైపే చాచి నిలబడ్డారు.

మూడు చోట్లనూ ఒకే రోజులో పూర్తి చేయాలనుకోవడం మా పొరపాటు; శిల్పవనాన్ని రెండో రోజు ఉదయానికి ఉంచుకోవడం మేలు. మిగిలిన సమయంలో, 1955లో ఇక్కడి సిటీ బస్సులో తెల్లవారికి సీటు విడవనన్నందుకు అరెస్టయిన రోజా పార్క్స్ పేరిట ఉన్న మ్యూజియం, మార్టిన్ లూథర్ కింగ్ 1954 నుండి 1960 వరకు పాస్టరుగా పనిచేసిన డెక్స్‌టర్ అవెన్యూ చర్చి చూడవచ్చు. చర్చి లోపలికి వెళ్ళాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. మేము తీసుకోలేదు కనుక మెట్ల దగ్గర నుండే తిరిగి వచ్చాము.

ఒకప్పుడు బానిసల సంత జరిగిన కోర్ట్ స్క్వేర్‌లో 2019 డిసెంబరు 1న రోజా పార్క్స్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. నగరానికి మొట్టమొదటి నల్లజాతి మేయరు ఎన్నికైనదీ ఆ ఏడాదే. విగ్రహాన్ని ఎత్తైన పీఠం ఎక్కించకుండా నేల మీదనే నిలిపారు, పక్కన నిలబడితే ఆమెతో పాటు బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది.

తిరుగు ప్రయాణానికి ముందు ఫ్రెడ్ డి. గ్రే అవెన్యూకు వెళ్ళాము. రోజా పార్క్స్ పక్షాన వాదించిన న్యాయవాది గ్రే పెరిగిన వీధి అది. అంతకుముందు అది, బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణ రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ పేరుతో ఉండేది. 2021లో నగరం ఆ పేరు మార్చింది, పాత స్మారక చిహ్నాలను, వీధి పేర్లను మార్చకూడదనే చట్టాన్ని అతిక్రమించిందని రాష్ట్రం 25,000 డాలర్ల జరిమానా అడిగితే చెల్లించి, కొత్త పేరును అలాగే ఉంచుకుంది. చూడటానికి మామూలు ఇళ్ళున్న వీధి, ఏ టికెట్టూ లేదు. మా అమ్మాయి కారు దిగి వీధి బోర్డుకు ఫోటో తీసుకుంది.