ఏఏ మీటింగులు: ఫీజు లేని ఈ సేవ ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ తేలిపోతుంది

తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ). ఇందులో చేరడానికి ఫారం నింపక్కర్లేదు, ఫీజు కట్టక్కర్లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కలిసి మొదలుపెట్టిన ఈ సంఘం సభ్యులు వేసే చందాలతోనే నడుస్తుంది. మీటింగులో డబ్బా తిప్పుతారు. కొత్తగా వచ్చినవాళ్లు అందులో ఏమీ వేయనక్కర్లేదు.

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేసి తిన్నగా మీటింగుకు వెళ్లడం ప్రమాదం. మీటింగు వైద్యం కాదు. చివరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజు ప్రాంతంలో మతి భ్రమించి ప్రాణం మీదికి కూడా రావచ్చు. ముందు డాక్టరును కలవాలి. మానడం మొదలుపెట్టాక మళ్లీ గ్లాసు ముట్టకుండా నిలబడటానికే మీటింగు.

వెతకడం తేలికే. మీటింగ్ గైడ్ యాప్‌లో గానీ, ఏఏ వెబ్‌సైట్లలో గానీ చూడొచ్చు. జాబితాలో ఓపెన్ అని ఉంటే ఎవరైనా రావచ్చు, తోడుగా ఇంట్లోవాళ్లను తెచ్చుకోవచ్చు. క్లోజ్డ్ అని ఉంటే తాగుడు మానాలనుకునేవారికి మాత్రమే. చిక్కంతా పాతబడిన వివరాలతోనే. హాలు మారి ఉంటుంది, సమయం మారి ఉంటుంది. తాళం వేసిన తలుపు చూసి వెనుదిరిగిన మనిషి మళ్లీ ఎప్పుడు బయల్దేరతాడో చెప్పలేం. అందుకే ముందురోజు ఫోన్ చేసి, మీటింగు ఉందా, ఏ ద్వారం గుండా రావాలి, ఏ భాషలో జరుగుతుంది అని అడగండి. ‘మొదటిసారి వస్తున్నాను’ అని చెబితే చాలాచోట్ల ఎవరో ఒకరు గుమ్మం దగ్గర ఎదురుచూస్తారు.

మీటింగు సాధారణంగా గంట, గంటన్నర ఉంటుంది. ఏఏ పుస్తకంలోంచి కొంత చదువుతారు, తర్వాత ఒక్కొక్కరు కొద్ది నిమిషాలు మాట్లాడతారు. మీ వంతు వచ్చినప్పుడు ‘ఈరోజు వింటాను’ అంటే సరిపోతుంది. ఒకరు మాట్లాడాక ఇంకొకరు సలహా ఇవ్వరు, తప్పుపట్టరు. గుండెలో ఉన్నదంతా చెప్పుకున్నాక గదిలో ఎవరూ బదులు పలకకపోతే కొత్తవాళ్లకు ‘వీళ్లకేం పట్టలేదు’ అనిపిస్తుంది. నిజానికి అది చాలా గ్రూపులు పెట్టుకున్న నియమం, చెప్పేవాళ్లు భయం లేకుండా చెప్పడానికే.

మా లెక్కలో ఈ సేవలో అసలు విలువైనది మీటింగుకు ముందూ వెనకా ఉండే పది నిమిషాలు. కుర్చీలు సర్దుతూ, టీ కప్పులు తీస్తూ ఉన్నప్పుడే మనుషులు దగ్గరవుతారు. అప్పుడే ఒక కాగితం మీద నలుగురైదుగురు తమ నంబర్లు రాసిస్తారు. ఆ కాగితాన్ని జేబులోనే ఉంచేసుకోవడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. ఏ ఇబ్బందీ లేని రోజున రెండు ఫోన్లు చేసి అలవాటు చేసుకోవాలి. మనసు తాగుడు వైపు లాగే రాత్రి మొదటిసారి నంబరు నొక్కాలంటే చెయ్యి రాదు.

తర్వాత స్పాన్సర్, అంటే కొత్తవాళ్లకు దారి చూపే పాత సభ్యులు. కనీసం ఏడాదిగా తాగకుండా, తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లు తాను స్వయంగా చేసినవారిని అడగండి. సాధారణంగా మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు. స్పాన్సర్ డాక్టరు కాదు, అప్పిచ్చే మనిషీ కాదు.

లోపాలూ ఉన్నాయి. ప్రతి గ్రూపూ స్వతంత్రం కాబట్టి ఒకటి బాగుంటే ఇంకొకటి నీరసంగా ఉంటుంది. ఒక్కటి చూసి తీర్పు చెప్పొద్దు, వేర్వేరు చోట్ల కనీసం ఆరు చూడండి. కొత్తగా వచ్చినవారి బలహీనతను వాడుకుని వెంటపడేవాళ్లు కొన్నిచోట్ల తగులుతారు. అలాంటిది కనబడితే గ్రూపు నడిపేవారికి చెప్పి, వేరే గ్రూపుకు మారిపోవాలి. డాక్టరు రాసిన మందుల గురించి ‘ఆ మాత్రలు కూడా మానెయ్’ అనే మాట అసలు వినొద్దు. సభ్యులు డాక్టర్లలా వ్యవహరించకూడదని ఏఏ ప్రచురణలే చెబుతాయి. పేరు బయటపెట్టకపోవడం సభ్యుల మధ్య మాట, చట్టం కాదు. అందుకని కోర్టు గొడవలు, నేరాలు అక్కడ చెప్పుకోవద్దు. ఆన్‌లైన్ మీటింగయితే తెరమీద పూర్తి పేరు కనబడవచ్చు, చేరే ముందే మార్చుకోండి.

మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది. ‘మీకు అర్థమైన రూపంలో’ అంటారు గానీ అది మింగుడుపడని వాళ్లున్నారు. వాళ్ల కోసం మతం మాటెత్తని ఏఏ గ్రూపులూ, 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ అనే వేరే సంస్థ కూడా ఉన్నాయి. స్మార్ట్‌లో శిక్షణ పొందినవారు నడిపిస్తారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు, తాగితే ఏమొస్తుంది, మానితే ఏమొస్తుంది అని కాగితం మీద లెక్క వేయిస్తారు. స్పాన్సర్ ఉండరు. ఏఏ ఫలితాల గురించి అడిగేవారికి: 2020లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 27 పరిశోధనలను సమీక్షించింది. ఏఏలో చేరేలా పద్ధతిగా నడిపించే చికిత్స, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఇతర చికిత్సల కంటే మెరుగ్గా ఉందని తేల్చింది.

మధ్యలో తాగితే తాగకుండా ఉన్న రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది, కుర్చీ మాత్రం పోదు. సిగ్గుతో రెండు వారాలు ఆగకుండా మర్నాటి మీటింగుకే వెళ్లాలి. ఇంట్లోవాళ్లకు విడిగా అల్-అనాన్ గ్రూపులున్నాయి. తాగే మనిషి ఇంకా కదలకపోయినా వాళ్లు ముందే వెళ్లవచ్చు.