మొక్కజొన్నలో జింకు, గెత్తం, హ్యూమిక్, పైమందులు: నాలుగు దాళ్వాలు వాడి చూశాక

మాది కొవ్వూరు దిగువన అండి. సార్వా, అంటే వానాకాలం వరి కోసేశాక మాగాణిలో దాళ్వాకి, అంటే రెండో పంటగా మొక్కజొన్న వేయబట్టి నాలుగేళ్ళు, ఎకరన్నర నల్లనేల సొంతం, ముప్పావు ఎకరం గోదావరి లంకలో కౌలు. షాపాయన చెప్పినవీ పక్క చేలవాళ్ళు చెప్పినవీ చాలానే వాడాను, ఏది పనిచేసిందో ఏది దండగో ఉన్నదున్నట్టు రాస్తున్నా.

ముందు జింకు. మొదటేడు వరి కోసిన తడి మీదే దున్నకుండా కర్రతో బొక్కలేసి గింజలు పెట్టాం, మొలక బాగా వచ్చింది, ఇరవై రోజులకి చూస్తే సుడిలోంచి వచ్చే లేతాకులు పాలిపోయి ఈనెకి రెండు పక్కలా వెడల్పుగా తెల్ల చారలు, ఈనె, అంచులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నేను నత్రజని చాల్లేదనుకుని ఒక బస్తా యూరియా వేసేశా, చారలు పోలేదు. నత్రజని లోటైతే కింది ముదురాకు కొసనించి మొదలై ఈనె వెంబడి వి ఆకారంలో పసుపెక్కుతుంది, జింకు లోటైతే లేతాకులో కనిపిస్తుంది, ఈ తేడా అప్పుడే తెలిసుంటే ఆ బస్తా మిగిలేది. నెలల తరబడి నీళ్ళు నిలబడ్డ మాగాణిలో జింకు ఉన్నా వేరుకి అందే రూపంలో ఉండదంట, అందుకే మన వరి చేలల్లో ఇది ఇంత ఎక్కువ.

అప్పుడు లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేటు, వారం తేడాతో రెండుసార్లు కొట్టాను. తర్వాత వచ్చిన ఆకులు పచ్చగా వచ్చాయి, తెల్లబడిపోయినవి అలాగే ఉండిపోయాయి, వాటిని చూసి మళ్ళీ మళ్ళీ కొట్టక్కర్లేదండి. రెండో ఏడు ఎకరాకి 20 కిలోలు నేలకే వేశా, భాస్వరం ఉన్న డీఏపీ ఎరువుతో కలపకుండా విడిగా, ఇక చార కనపడలేదు.

కలపడం అంటే గుర్తొచ్చింది, ఒకసారి కూలి మిగులుద్దని జింకు సల్ఫేటూ, నత్రజని, భాస్వరం, పొటాషు సమంగా ఉండే 19-19-19 ఎరువూ ఒకే ట్యాంకులో పోశాను, విరిగిన పాలలాగ తెల్లగా ముక్కలు కట్టేసి నాజిల్ పూడుకుపోయింది, ఆ పూటంతా పిన్నీసుతో పొడుచుకుంటూ కూర్చున్నా. భాస్వరం ఉన్న దేనితోనూ జింకు సల్ఫేటు కలపకండి. యూరియా ఆకుల మీద కొట్టాలంటే 2 శాతం, అంటే 15 లీటర్ల ట్యాంకుకి 300 గ్రాములు, అది కూడా సాయంత్రమే. మిట్టమధ్యాహ్నం కొట్టినందుకు నావి రెండు సాళ్ళ ఆకులు అంచులు మాడాయి.

హ్యూమిక్ యాసిడ్, అంటే మొక్క బాగా పెరుగుతుందని షాపుల్లో అమ్మే మందు, మూడేళ్ళు వాడాను. ప్రతిసారీ తాడు కట్టి ఆరు సాళ్ళు కొట్టకుండా వదిలేసేవాణ్ణి. నల్లనేలలో నాకు తేడా ఏం కనపడలేదు, లంక ఇసక నేలలో ఆకు రంగు కొంచెం తిరిగింది గానీ పొత్తులు ఒలిచి తూస్తే అటూ ఇటూ ఒక్కటే. సముద్రపు నాచు సీసా కూడా అంతే. ఆ డబ్బులతో లంకలోకి బాగా చివికిన పశువుల గెత్తం రెండు ట్రాక్టర్లు తోలించాను చూడండి, అదీ తేడా అంటే. అంతకుముందు తడి పెట్టిన నాలుగో రోజుకే మధ్యాహ్నం ఆకులు గొట్టంలా చుట్టుకునేవి, గెత్తం వేసిన సగంలో ఏడో రోజుకి గానీ చుట్టుకోలేదు, గట్టు మీద నిలబడితే రెండు ముక్కల మధ్య గీత గీసినట్టు కనపడేది. ఇసకలో యూరియా నీళ్ళతో కిందకి దిగిపోతుంది కాబట్టి అక్కడ కొంచెం కొంచెంగా నాలుగు దఫాలు వేస్తున్నా.

పొత్తుకి పీచు వచ్చే దశలో 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్, లీటరుకి 10 గ్రాములు కొడుతున్నా, కొట్టని సాళ్ళల్లో పొత్తు కొసన బొటనవేలంత ఖాళీ ఉంటే కొట్టినవాటిలో సగమే ఉంది, దీనికి పెట్టిన డబ్బు వచ్చేసిందనే నా నమ్మకం. కానీ మూడో ఏడు పీచు దశలోనే కాలవ నీళ్ళు వారం ఆలస్యమయ్యాయి, అప్పుడు కొట్టినవీ కొట్టనివీ ఒకేలా కొసలు ఖాళీ. పీచు వచ్చే ఆ పది రోజుల్లో తడి ఆగితే ఏ సీసా కాపాడదండి, ఇంజనుతోనైనా తోడుకోండి. సుడిలో కత్తెర పురుగు ఉంటే ముందు దాని పని చూడాలి, తినేసిన ఆకు మీద ఎరువు కొట్టి ఏం లాభం.

ఈ దాళ్వాకి హ్యూమిక్ మానేశా. నల్లనేలలో కూడా ఒక అర ఎకరానికి గెత్తం వేసి చూస్తున్నా, తాడు కట్టే ఉంది, కోతకి తూచి రాస్తాను.