పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్: నాలుగేళ్లు వాడాక, ఒక పచ్చళ్ల సైటు అనుభవం

మాది చిన్న పచ్చళ్ల వ్యాపారం. ఆర్డర్లలో సగానికి పైగా సొంత వెబ్‌సైటు నుంచే వస్తాయి. నేను చదివింది బీకామ్, సైటు పని చూసుకుంటూ నేర్చుకున్నదే. వెబ్ పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటుందో కొలిచే టూల్, గూగుల్ ఉచితంగా ఇచ్చే పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొదటిసారి మా అడ్రస్ కొట్టినప్పుడు మొబైల్ స్కోరు వందకి 34 వచ్చింది, ఎర్ర రంగులో. ఇంటర్ మార్కుల మెమో చూసుకున్నట్టే అయింది.

కారణం వెంటనే దొరికింది. ఆవకాయ జాడీ ఫొటోలు కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించేశాను, ఒక్కోటి 4 ఎంబీ. కొలత తగ్గించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫార్మాట్‌లోకి మారిస్తే 120 కేబీకి దిగాయి, కంటికి తేడా లేదు. అది ఒక్క పూట పని.

తర్వాత అత్యాశకి పోయి వేగం పెంచే ప్లగిన్ (సైటుకి తగిలించే అదనపు ప్రోగ్రామ్) ఒకటి వేశాను. స్కోరు 80 దాటింది, సంబరపడ్డాను. రెండు రోజులకి ఒకావిడ ఫోన్: "నా కార్టులో ఎవరిదో కిలో గోంగూర ఉందేంటండీ?" కార్టు పేజీని కూడా ఆ ప్లగిన్ దాచిపెట్టి, ఒకరిది ఇంకొకరికి చూపిస్తోంది. కార్టు, చెల్లింపు పేజీలను క్యాష్ (అలా దాచిపెట్టే కాపీలు) నుంచి మినహాయించాలని అప్పుడు తెలిసింది. ఈ సంగతి స్కోరు చూస్తే తెలియదు. అదే ప్లగిన్ పైనున్న పెద్ద ఫొటోకి కూడా లేజీ లోడ్ పెట్టేసింది. తెరవగానే కనపడాల్సిన బొమ్మని ఆలస్యంగా తెమ్మంటే ఎలా? దానికొక్కదానికి తీసేశాక ఆ బొమ్మ వచ్చే సమయం బాగా తగ్గింది.

ఈ టూల్‌లో అసలు చూడాల్సింది స్కోరు కాదు, దానికి పైన ఉండే వాడుకరుల లెక్క. కింది స్కోరు ఒక నమూనా ఫోన్, నెమ్మది నెట్ అనుకుని చేసే పరీక్ష, పొద్దున ఒకటి వస్తే సాయంత్రం ఇంకోటి వస్తుంది. పై లెక్క మాత్రం గడిచిన 28 రోజుల్లో క్రోమ్‌లో మన సైటు తెరిచిన నిజమైన మనుషులది. నలుగురిలో ముగ్గురికైనా ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి, అప్పుడే పచ్చ రంగు. చిక్కేంటంటే, జనం తగినంత రాకపోతే ఆ లెక్కే చూపించదు. మాకు మామిడికాయల సీజన్‌లో వస్తుంది, వానాకాలానికి మాయమవుతుంది.

నాకు బాగా ఉపయోగపడింది సీఎల్‌ఎస్, అంటే పేజీ తెరుచుకునేటప్పుడు అందులోనివి ఎంత జరుగుతున్నాయో చెప్పే అంకె. "అరకిలో నొక్కితే కిలో పడుతోంది" అని ఫిర్యాదులు వచ్చేవి, నేను వాళ్ల వేళ్లదే తప్పనుకునేవాణ్ణి. తీరా మా అత్తయ్య ఫోన్‌లో పక్కనుండి చూస్తే, ఆవిడ నొక్కబోయే క్షణానికి పైన ఫొటో వచ్చి పడి బటన్లన్నీ కిందికి జారాయి. "ఇదేంట్రా, కదులుతోంది" అంది. బొమ్మలకి వెడల్పు, ఎత్తు ముందే రాసిపెడితే బ్రౌజర్ ఆ చోటు ఖాళీగా ఉంచుతుంది. 0.31 ఉన్నది 0.04కి వచ్చింది, 0.1 లోపు ఉంటే చాలు.

తెలుగు సైట్లవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఫాంట్ల గురించి. గుణింతాలు, వత్తుల రూపాలన్నీ మోయాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లిష్ ఫాంటు కన్నా చాలా బరువు. నేను అందం కోసం మూడు పెట్టుకున్నాను. ఇప్పుడు శీర్షికలకి రామభద్ర ఒక్కటే. మిగతా అక్షరాలకి ఫోన్‌లో ఉన్న ఫాంటే, ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు ఎలాగూ ఉంటుంది.

2024 మార్చిలో ఎఫ్‌ఐడీ (మొదటిసారి నొక్కినప్పటి ఆలస్యాన్ని మాత్రమే చూసే కొలత) తీసేసి ఐఎన్‌పీ పెట్టారు, అంటే నొక్కాక తెర స్పందించడానికి పట్టే సమయం. ఆ వేసవి లెక్కలో మాది 340 మిల్లీసెకన్లు. పచ్చ కావాలంటే 200 దాటకూడదు. మూలనుండే చాట్ బొమ్మ తీసేసి ఫోన్ నంబరు పెట్టాను, సర్దుకుంది.

లోటు చెప్పాలంటే సలహాల భాష. "వాడని జావాస్క్రిప్ట్ తగ్గించండి" అంటుంది, కానీ ఆ కోడ్ థీమ్‌లో (సైటుకి వాడే రెడీమేడ్ డిజైన్‌లో) ఉంటే నాలాంటివాడు ఏం చేస్తాడు? డెవలపర్‌ని అడిగితే ఒక సీజన్ జాడీల ఖర్చు చెప్పాడు. అందుకే మొబైల్‌లో 78 దగ్గర ఆగిపోయాను. ఆ జావాస్క్రిప్ట్ సలహా ఎర్రగా అలాగే ఉంది, ఆర్డర్లు మాత్రం సరిగ్గానే పడుతున్నాయి.